కరెంటు వైద్యం అంటే ఏమిటి?

ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎక్కువ. గట్ల మీద మోటార్లు ఉంటాయి. నీళ్ళలో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. తడి చేత్తో తీగ ముట్టుకుంటే ఏమవుతుందో ఇక్కడ చిన్న పిల్లాడికి కూడా తెలుసు. కరెంటు అంటే అందరికీ భయం. ఆ భయం ఉండాలి కూడా.

అటువంటి కరెంటును తలకు పెట్టి వైద్యం చేస్తారంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటి కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టింది. నెల తిరిగేసరికి ఆమె మారిపోయింది. తిండి లేదు. నిద్ర లేదు. బిడ్డ ఏడ్చినా ఎత్తుకోదు. పిలిస్తే పలకదు. పలికితే "నేనింక బతకను" అంటుంది. ఇరుగు పొరుగు "గాలి సోకింది" అన్నారు. తాయెత్తు కట్టించారు. పదిహేను రోజులు గడిచాయి. మనిషి ఇంకా చిక్కిపోయింది. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

డాక్టరు గారు చూశారు. "ఇది గాలి కాదమ్మా. పురుడు వచ్చాక కొందరికి వచ్చే మనసు జబ్బు. మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. ఈమె మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు. అంత ఆగలేం. కరెంటు వైద్యం చేద్దాం" అన్నారు.

"వద్దు బాబూ! నా బిడ్డకి కరెంటు పెట్టి చంపుతారా?" అని తల్లి ఏడ్చింది.

ఆ తల్లిని తప్పు పట్టడానికి లేదు. సినిమాల్లో ఆమె చూసింది అదే. మనిషిని మంచానికి కట్టేస్తారు. అతను గిలగిలా కొట్టుకుంటాడు. ఒకప్పుడు ఆసుపత్రుల్లో కూడా ఇంచుమించు అలాగే ఉండేది.

ఈ వైద్యం 1938లో ఇటలీ దేశంలో, రోము నగరంలో మొదలైంది. అప్పటికే కొందరు డాక్టర్లు మందు సూది వేసి మూర్ఛ తెప్పించేవారు. మూర్ఛ వచ్చి తగ్గాక కొందరు మానసిక రోగులు నెమ్మదించేవారు. చెర్లెట్టి అనే డాక్టరు రోములో పందులను కోసే చోటికి వెళ్ళాడు. అక్కడ కోసే ముందు పందుల తలకు కరెంటు పెట్టేవారు. పందులకు మూర్ఛ వచ్చేది గాని, ఆ కరెంటుకే చచ్చిపోయేవి కావు. అది చూసి చెర్లెట్టి, బీనీ అనే ఇంకో డాక్టరు కలిసి మనిషికి చేసి చూశారు. అప్పుడు మత్తు ఇవ్వలేదు. మూర్ఛలో ఒళ్ళు బిగుసుకుని కొందరికి ఎముకలు విరిగేవి. కరెంటు షాకు అన్న పేరుకి భయం అంటుకున్నది అప్పుడే.

ఇప్పుడు ఎలా చేస్తారు? ముందు మత్తు సూది వేస్తారు. మనిషి నిద్రపోతుంది. ఒళ్ళు బిగుసుకోకుండా ఇంకో మందు ఇస్తారు. ముక్కుకి ఆక్సిజన్ పెడతారు. నాలుక కరుచుకోకుండా నోట్లో మెత్తటిది పెడతారు. తలకు కరెంటు పెట్టేది కొన్ని సెకండ్లే. లోపల మూర్ఛ వస్తుంది. అది సాధారణంగా ఒక నిమిషం లోపే ఆగిపోతుంది. బయటికి కాలి వేళ్ళు కదలడం కనిపిస్తుంది, అంతే. తల కొయ్యరు, కుట్టరు. ఇలా వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఆరు నుంచి పన్నెండు సార్లు చేస్తారు.

మత్తు ఇవ్వకుండా ఈ వైద్యం చేయడం ఇప్పుడు నేరం. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం అలా చెప్పింది. రోగికి అన్నీ వివరించి ఒప్పుకోలు తీసుకోవాలి. ఆమె చెప్పలేని స్థితిలో ఉంటే ఆమె తరఫు మనిషిని అడగాలి. అడగడం మన హక్కు. "మత్తు ఇస్తారా బాబూ?" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. రోగిని గొలుసులతో కట్టడం కూడా ఆ చట్టం ప్రకారం నిషేధమే.

కష్టం ఏమీ లేదా? ఉంది. తలనొప్పి వస్తుంది. వైద్యం జరిగిన రోజుల సంగతులు కొన్ని మరిచిపోతారు. చాలామందికి ఆ మరుపు మెల్లగా తగ్గుతుంది. కొందరికి కొన్ని జ్ఞాపకాలు తిరిగి రావు. ఈ మాట కూడా డాక్టరు ముందే చెప్పాలి.

ఇంకో రకం కరెంటు వైద్యం ఉంది. ఇది చాలా చిన్న కరెంటు. ఒకటి, రెండు మిల్లీ ఆంపియర్లు. 60 వాట్ల బల్బు వెలగాలంటే సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఎంత తేడానో చూడండి! ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజి ముక్కలు తలకు కడతారు. ఇరవై నిమిషాలు ఉంచుతారు. మత్తు అక్కర్లేదు. మనిషి మెలకువగానే కూర్చుంటుంది. చీమలు పాకినట్టు ఉంటుంది. దిగులు జబ్బుకి, ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినిపించే జబ్బుకి దీన్ని వాడి చూస్తున్నారు. బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో దీని మీద పరిశోధనలు జరిగాయి. కొందరికి గుణం కనిపించింది, అందరికీ కాదు. దీన్ని నమ్ముకుని మందులు మానకూడదు. బ్యాటరీ, తీగలు ఉన్నాయి కదా అని ఇంట్లో ఎవరూ ప్రయత్నం చేయకూడదు. చర్మం కాలుతుంది.

విశాఖపట్నం చినవాల్తేరులో, హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14416 నంబరుకి ఫోను చేయవచ్చు. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడతారు. రాత్రయినా పలుకుతారు. "బతకను" అన్న మాట ఇంట్లో వినిపిస్తే తెల్లారేదాకా ఆగకండి.

ఇందాకటి ఇంట్లో తల్లి ఒప్పుకుందనుకుందాం. వైద్యం రోజు పొద్దున కూతురికి ఏమీ పెట్టకూడదు. కాఫీ చుక్క కూడా ఇవ్వకూడదు. మత్తులో వాంతి అయితే ప్రమాదం. మెలకువ వచ్చాక ఎక్కడ ఉన్నదీ ఆమెకు కాసేపు తెలియకపోవచ్చు. అప్పుడు పక్కన తెలిసిన మొహం ఒకటి ఉండాలి. పేరు పెట్టి పిలిచి, "ఆసుపత్రిలో ఉన్నావమ్మా, నేను ఇక్కడే ఉన్నాను" అని మెల్లగా చెప్పాలి.