ఉత్తీర్ణులకు ఎదురైన ప్రశ్న

పరీక్ష మనిషి తెలివికి తూనికరాయి యని లోకము నమ్ముచున్నది. ఆ రాయి సరియైనదా, కాదా యని విచారించువారు మాత్రము అరుదు. పాఠశాలలో రాయి తప్పినచో ఒక విద్యార్థి భవిష్యత్తు తారుమారు కావచ్చును. అణువిద్యుత్ కేంద్రములో తప్పినచో ఒక ప్రాంతపు ప్రజలందరును ఇండ్లు విడిచి పోవలసి రావచ్చును. రియాక్టరును నడుపువారికి ఏమి నేర్పవలెను, వారు నేర్చినదీ లేనిదీ ఎట్లు తెలిసికొనవలెను అను ప్రశ్నకు గడచిన నలువది యైదేండ్లలో లభించిన సమాధానము, పాఠము చెప్పువారును వినువారును కూడ తెలిసికొనదగినది. ఆ సమాధానము తేలికగ లభింపలేదు. ఒక రియాక్టరు కరగిపోయిన పిదప లభించినది.

లంకలో జరిగిన కథ

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, హారిస్‌బర్గ్ నగరమునకు సమీపమున, సస్క్వెహన్నా నదిలో త్రీ మైల్ ఐలండ్ అను లంక కలదు. 1979 మార్చి 28వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు అచటి రెండవ రియాక్టరుకు సంబంధించిన కొన్ని నీటి పంపులు ఆగిపోయినవి. వెంటనే టర్బైను ఆగెను. కొన్ని క్షణములలో రియాక్టరు కూడ తనంతట తానే ఆగెను. లోపల పీడనము పెరిగినందున, దానిని తగ్గించుటకై అమర్చిన వాల్వు తెరచుకొనెను. అంతవరకు యంత్రములు తమ ధర్మమును తప్పలేదు. అయితే పీడనము తగ్గగనే మూసికొనవలసిన ఆ వాల్వు మూసికొనలేదు. రియాక్టరును చల్లబరచు నీరు ఆ మార్గమున వెలుపలికి పోవుచునే యుండెను.

రియాక్టరు ఆగినంత మాత్రమున దాని వేడి ఆగదు. ఆగిన మరుక్షణమున కూడ, పూర్తిశక్తితో పనిచేయునప్పటి వేడిలో నూటికి ఆరేడు వంతులు ఇంధనమునుండి పుట్టుచునే యుండును. అది క్రమముగ తగ్గునుగాని, తగ్గువరకు నీరు ఇంధనమును కప్పియుండి తీరవలెను. అట్టి నీరే ఆ వేకువ చేజారిపోవుచుండెను.

నియంత్రణ మందిరములో వందకు పైగా అలారములు మ్రోగుచుండెను. అచటివారు వాల్వును సూచించు దీపము వంక చూచిరి. అది ఆరియుండెను, కనుక వాల్వు మూసికొన్నదని తలచిరి. నిజమునకు ఆ దీపము చెప్పునది వాల్వు సంగతి కాదు. మూసికొనుమను విద్యుత్ సంకేతము వెళ్ళినదని మాత్రమే. ఉత్తరమును తపాలాపెట్టెలో వేయుట వేరు, అది చేరుట వేరు. ఆ భేదము దీపమునకు తెలియదు.

అంతకంటె పెద్ద మోసము మరియొకటి జరిగెను. ఆ రకపు రియాక్టరులో నీరు మరగకుండుటకై దానిని సుమారు నూటయేబది వాతావరణముల పీడనములో ఉంచెదరు. ఆ పీడనమును నిలుపుటకు, సగము నీరు, సగము ఆవిరి గల ఒక ఎత్తైన పాత్ర ఉండును. ఆ పాత్రలోని నీటి మట్టమును బట్టి రియాక్టరులో నీరు ఎంతయున్నదో ఊహించుట వారికి నేర్పిన పద్ధతి. ఆ పాత్ర పూర్తిగ నీటితో నిండిపోనీయరాదనునది వారు మరువరాని సూత్రము. ఆ వేకువ పీడనము పడిపోవుచుండగా నీటి మట్టము మాత్రము పెరుగసాగెను.

కారణము వంటయింటిలో తెలియును. పొయ్యి మీద పాలు పొంగునప్పుడు గిన్నె అంచువరకు నిండును. అంతమాత్రమున పాలు ఎక్కువైనవని ఏ ఇల్లాలును అనుకొనదు. పీడనము తగ్గినందున రియాక్టరులోని నీరు మరగి ఆవిరియై, మిగిలిన నీటిని పాత్రలోనికి ఎగద్రోసెను. లోపల నీరు తరుగుచుండగా మట్టము పెరిగినట్లు కనిపించెను. నీరు ఎక్కువైనదని తలచి, అత్యవసర సమయమున తమంతట తామే ప్రారంభమైన పంపుల వేగమును అచటివారు చేజేతుల తగ్గించిరి. తెరచియున్న వాల్వుకు అడ్డుగ నున్న మరియొక వాల్వును 6 గంటల 22 నిమిషములకు గాని మూయలేదు. ఇంధనములో సుమారు సగము కరగిపోయెను. రియాక్టరును కప్పియున్న దృఢమైన కట్టడము నిలిచినందున బయటకు వెలువడిన రేడియోధార్మికత స్వల్పమే యైనది. అయినను లక్షకు పైగా ప్రజలు భయముతో ఊళ్ళు విడిచి పోయిరి.

వారు తప్పినవారు కారు

ఆ మందిరములో నున్నవారు ఏమియు తెలియనివారా? కారు. వారు అమెరికా నౌకాదళములో అణుశక్తి నౌకలపై పనిచేసి వచ్చినవారు. ప్రభుత్వము విధించిన పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సులు పొందినవారు. ఈ కథలో ఉపాధ్యాయులకు తగులవలసిన ముల్లు ఇచటనే కలదు. చదువు లేక జరిగిన అపాయమైనచో చదువు చెప్పించి మాన్పవచ్చును. చదివి, పరీక్ష నెగ్గి, లైసెన్సు పొందినవారి చేతిలో జరిగిన అపాయమునకు చికిత్స యేమి?

అధ్యక్షుడు కార్టరు నియమించిన విచారణ సంఘమునకు జాన్ కెమెనీ అధ్యక్షత వహించెను. ఆయన గణిత శాస్త్రవేత్త, డార్ట్‌మత్ కళాశాలకు అధ్యక్షుడు, బేసిక్ అను కంప్యూటరు భాషను సృష్టించిన ఇరువురిలో ఒకడు. 1979 అక్టోబరులో వెలువడిన ఆ సంఘ నివేదిక యంత్రములతో ఆగక బోధనను కూడ బోనులో నిలిపినది. మామూలు రోజులకు చాలిన శిక్షణ గొప్ప ప్రమాదమునకు చాలలేదని చెప్పినది. నాటి నిబంధనల ప్రకారము, అత్యవసర విధానములకు సంబంధించిన భాగములో అభ్యర్థి తప్పినను, మొత్తముమీద సగటు మార్కులు వచ్చినచో ఉత్తీర్ణుడే. గణితములో సున్న వచ్చిన బాలుడు చరిత్రలో వచ్చిన మార్కులతో ఇంజనీరైనట్లు!

సిమ్యులేటరు సంగతి మరియు విచిత్రము. సిమ్యులేటరనగా నియంత్రణ మందిరమునకు ప్రతిరూపము. మీటలు, దీపములు, గడియారములు అన్నియు ఉండును, వెనుక రియాక్టరు బదులు కంప్యూటరు ఉండును. త్రీ మైల్ ఐలండ్‌కు సొంత సిమ్యులేటరు లేదు. అచటివారు వర్జీనియా రాష్ట్రములోని లించ్‌బర్గ్‌లో, రియాక్టరును తయారుచేసిన బాబ్‌కాక్ అండ్ విల్కాక్స్ కంపెనీ సిమ్యులేటరుమీద అభ్యసించిరి. పీడనము పడిపోవుచుండగా నీటి మట్టము పెరుగు స్థితిని చూపుటకు ఆ యంత్రమునకు శక్తి లేదు. ఏ ప్రశ్న ఆ వేకువ వచ్చినదో, ఆ ప్రశ్న వారి పాఠ్యపుస్తకములోనే లేదు.

అయితే ఆ ప్రశ్న లోకమునకే తెలియనిది కాదు. 1977 సెప్టెంబరు 24న ఒహాయో రాష్ట్రములోని డేవిస్-బెస్సీ కేంద్రములో అట్టి వాల్వే తెరచుకొని నిలిచిపోయెను. అచటను మట్టము పెరిగెను, అచటివారును పంపులను తగ్గించిరి. రియాక్టరు అపుడు నూటికి 9 వంతుల శక్తితో మాత్రమే పనిచేయుచుండుట చేతను, సుమారు 20 నిమిషములలో పొరపాటు కనుగొన్నందునను హాని కలుగలేదు. ఇట్టిది మరల జరుగవచ్చునని, నడుపువారికి స్పష్టమైన ఆదేశము పంపవలెనని బాబ్‌కాక్ అండ్ విల్కాక్స్ కంపెనీలోని డన్ అను ఇంజనీరు 1978 ఫిబ్రవరిలో పైవారికి వ్రాసెను. ఆ ఆదేశము ప్రమాదము జరుగునాటికి నడుపువారిని చేరలేదు. ఒక తరగతి నేర్చిన పాఠము పక్క తరగతికి అందలేదు.

పాఠము మారిన విధము

సంస్కరణ మొదట మార్కులతో ప్రారంభమైనది. 1980లో ఉత్తీర్ణతకు మొత్తముమీద నూటికి 80, ప్రతి భాగములోను విడిగ 70 రావలెనని నిర్ణయించిరి. సగటు చాటున దాగుకొనుటకు ఇక వీలులేదు. అయినను మార్కులు పెంచుట సులభము. బోధనను మార్చుట కష్టము. అమెరికాలోని విద్యుత్ సంస్థలు 1979 డిసెంబరులో అట్లాంటా నగరమున ఒక ఉమ్మడి సంస్థను స్థాపించుకొన్నవి. ఒక కేంద్రములో జరిగిన పొరపాటు మిగిలిన కేంద్రములన్నిటికి పాఠము కావలెననునది దాని ముఖ్యాశయములలో ఒకటి. శిక్షణను పరిశీలించి గుర్తింపు నిచ్చు జాతీయ అకాడమీ 1985లో ఏర్పడినది.

శిక్షణను రచించు క్రమము కూడ తలక్రిందులైనది. పూర్వము పుస్తకము ముందు, పని తరువాత. ఇపుడు పని ముందు. రియాక్టరును నడుపువాడు నిజముగ చేయు పనులన్నిటిని వరుసగ వ్రాసి, ప్రతి పనికి ఏ జ్ఞానము, ఏ నేర్పు కావలెనో విడదీసి, దానికి తగిన పాఠమును, పిమ్మట పరీక్షను తయారుచేసెదరు. ఉద్యోగములో తప్పు జరిగినపుడు, పాఠములో ఏది లోపించినదని తిరిగి వెదకెదరు.

అత్యవసర విధానములును మారినవి. పూర్వము జరిగిన ప్రమాదమునకు ముందు పేరు పెట్టి, ఆ పేరుగల పుట తెరచి, దాని ప్రకారము నడువవలెను. పేరు తప్పినచో పుట తప్పును, పుట తప్పినచో చేయు పని తప్పును. కొత్త విధానము మంచి వైద్యుని పద్ధతి వంటిది. రోగము పేరు తెలియకున్నను నాడి నిలుపును, ఊపిరి నిలుపును. నీరు మరగుచున్నదా, ఇంధనము చల్లబడుచున్నదా అని మొదట చూడవలెను. పీడనమును, ఉష్ణోగ్రతను కలిపి చూచినచో నీరు మరగుచున్నదో లేదో భౌతికశాస్త్రము చదివిన విద్యార్థి చెప్పగలడు. 1979లోను ఆ రెండు అంకెలు మందిరములో కనిపించుచునే యుండెను. కలిపి చూచు అలవాటు మాత్రము అచటివారికి ఎవరును నేర్పియుండలేదు.

ప్రశ్నపత్రము తయారగు తీరు

నేటి అమెరికా పరీక్షలో రియాక్టరును నడుపువారికి 75 ప్రశ్నలు, వారి పై అధికారులకు అదనముగ 25 ప్రశ్నలు ఉండును. ఉత్తీర్ణతకు నూటికి 80 రావలెను. ప్రశ్నలు ఏ విషయములపై రావలెనో ఎవరి ఇష్టముపైనను ఆధారపడదు. కావలసిన జ్ఞానమును, నేర్పును సూచించు పెద్ద పట్టిక యొకటి కలదు. అందు ప్రతి అంశమునకు ప్రాముఖ్యమును బట్టి 1 మొదలు 5 వరకు అంకె వేయబడియుండును. 2.5కు తగ్గని అంశములనుండి చీట్లు తీసినట్లు ఎన్నుకొని ప్రశ్నలు వ్రాసెదరు. కాబట్టి "ఈ ఏడు వచ్చు ప్రశ్నలు" అని ఊహించి చదువుటకు అవకాశము లేదు.

కంఠస్థముతో చెప్పదగిన ప్రశ్నలు కొన్నియే యుండి, సుమారు సగము ఆలోచింపజేయునవై యుండవలెను. వాల్వు ఎంత పీడనమున తెరచుకొనునని అడుగుట ఒక రకము. పీడనము పడుచున్నది, మట్టము పెరుగుచున్నది, దీపము మూసియున్నదని చెప్పుచున్నది, ఏమి జరిగియుండును, ఏమి చేయుదువు అని అడుగుట మరియొక రకము. మొదటిదానికి పుస్తకము చాలును. రెండవదానికి దీపమును అనుమానించు బుద్ధి కావలెను.

ప్రశ్నపత్రమును విద్యుత్ సంస్థలే తయారుచేసికొనుటకు 1999నుండి అనుమతి కలదు. ప్రభుత్వ పరీక్షకులు దానిని పరిశీలించి ఆమోదించవలెను. ప్రశ్నలు తెలిసినవారు అటుపై అభ్యర్థులకు బోధింపమని వ్రాతపూర్వకముగ ఒప్పుకొనవలెను. వ్రాతపరీక్షతో పాటు సిమ్యులేటరు ముందు జట్టుగ నిలిచి ప్రమాదములను ఎదుర్కొను పరీక్ష యుండును. లైసెన్సు ఆరేండ్లకే చెల్లును. ఆ కాలములో ఏటేట కార్యపరీక్ష, రెండేండ్లకొకసారి వ్రాతపరీక్ష తప్పవు. తప్పినవాడు తిరిగి నేర్చుకొని నెగ్గువరకు మీట ముట్టరాదు. అనేక కేంద్రములలో ప్రతి జట్టును అయిదారు వారములకొకసారి ఒక వారము తరగతికి వచ్చి కూర్చుండును. ఆజ్ఞను విన్నవాడు దానిని తిరిగి పలుకవలెను, చెప్పినవాడు అవునని ధ్రువపరుపవలెను. అభ్యాసము ముగిసిన పిదప శిక్షకుడు తప్పొప్పులను చదివి పంపివేయడు. ఆ క్షణమున ఏమి చూచితివి, ఏమి తలచితివి, ఎందుకు అట్లు తలచితివి అని అడిగి జట్టుచేతనే చెప్పించును.

ఇంకను మిగిలిన పాఠము

ఇంతటితో చదువు ముగిసినదనుకొనుటకు వీలులేదు. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమా డైచీ కేంద్రమును భూకంపము, సునామీ దెబ్బతీసినపుడు, మొదటి రియాక్టరులో విద్యుత్తు లేకున్నను చల్లబరుపగల సాధనమొకటి కలదు. నియంత్రణకు విద్యుత్తు పోయినచో దాని వాల్వులు మూసికొనునట్లు అమర్చబడియుండెను. ఆ సాధనమును నిజముగ నడిపిన అనుభవము నాడు అచట పనిలోనున్నవారిలో ఎవరికిని లేదని ప్రభుత్వ విచారణ సంఘము తేల్చినది. అది పనిచేయుచున్నదని కేంద్రములో చాలమంది గంటల తరబడి నమ్మియుండిరి.

భారతదేశములోను ఈ బాధ్యత కలదు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారగు ఇంధనముతో దేశములోని పలు రియాక్టరులు నడచుచున్నవి. వాటి నియంత్రణ మందిరములలో కూర్చుండువారు, 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నియమముల ప్రకారము పరీక్షింపబడి లైసెన్సు పొందవలెను. మన బాలబాలికలలో కొందరు రేపు ఆ కుర్చీలలో కూర్చుండవచ్చును. వారి శిక్షణ లైసెన్సు పరీక్షతో ప్రారంభము కాదు. సమాధానము తప్పినపుడు "ఎందుకు అట్లు అనుకొంటివి?" అని ఉపాధ్యాయుడు ఓపికతో అడిగిన నాడే ప్రారంభమగును.

త్రీ మైల్ ఐలండ్‌లోని రెండవ రియాక్టరు మరల విద్యుత్తును పుట్టింపలేదు. అది వేసిన ప్రశ్న మాత్రము సిమ్యులేటరుల ముందు నిలిచిన కొత్త అభ్యర్థులకు ఎదురగుచునే యున్నది. పీడనము పడును, మట్టము పెరుగును, దీపము ఆరియుండును. అభ్యర్థి చేయి పంపు మీటవైపు పోవును. ఆ చేయి ఒక్క క్షణము ఆగి, కన్ను ఉష్ణోగ్రత చూపు అంకెవైపు మరలినచో, శిక్షకుడు తన చీటీలో ఒక మార్కు వేయును. 1979లో ఆ మార్కు ఏ పరీక్షలోను లేదు.