మైక్రోగ్లియా - లింగభేదాలు, ఆహారపు కొవ్వులు

మైక్రోగ్లియా అనేవి మెదడులోను, వెన్నుపాములోను ఉండే రోగనిరోధక కణాలు. మెదడులోని కణాలలో ఇవి సుమారు 10 శాతం. 1919లో స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త పియో దెల్ రియో ఓర్టేగా వీటిని ప్రత్యేక కణజాతిగా గుర్తించి ఈ పేరు పెట్టాడు. ఇవి పిండదశలోనే సొనసంచి నుండి మెదడుకు చేరి అక్కడే స్థిరపడతాయి. సన్నని శాఖలను నిరంతరం కదిలిస్తూ పరిసరాలను పరిశీలిస్తూ ఉంటాయి. సూక్ష్మజీవులు, మృతకణాలు ఎదురైతే మింగివేస్తాయి. అవసరమైతే వాపును కలిగించే రసాయనాలను కూడా విడుదల చేస్తాయి.

ఆడ, మగ తేడాలు

చాలాకాలం ఈ కణాలపై పరిశోధనలు ఎక్కువగా మగ ఎలుకల మీదనే జరిగాయి. ఆడ ఎలుకలలో హార్మోన్ల హెచ్చుతగ్గుల వలన ఫలితాలు నిలకడగా ఉండవన్నది దీనికి చెప్పిన కారణం. ఈ జాగ్రత్త వలన మేలుకన్నా నష్టమే ఎక్కువ జరిగిందనాలి. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, నరం దెబ్బతిన్న చిట్టెలుకలలో మైక్రోగ్లియాను అడ్డుకోగా మగవాటికి నొప్పి తగ్గింది, ఆడవాటికి తగ్గలేదు. ఆడవాటిలో ఆ పని టి-కణాల ద్వారా జరుగుతున్నట్లు తేలింది. ఇక 2018లో ఇటలీలోని మిలాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆడ చిట్టెలుకల మైక్రోగ్లియాను మగవాటి మెదడులో అమర్చారు. అక్కడ కూడా ఆ కణాలు తమ లక్షణాలను నిలుపుకొన్నాయి. రక్తప్రసరణ ఆగినపుడు మెదడుకు కలిగే నష్టాన్ని సైతం తగ్గించాయి. అంటే ఈ తేడాలన్నీ అప్పటికప్పుడు రక్తంలో ఉన్న హార్మోన్ల వలన కలిగేవి కావు.

కొవ్వుల ప్రభావం

ఆకలిని, శరీర బరువును నియంత్రించే భాగం హైపోథాలమస్. కొవ్వు అధికంగా ఉన్న మేత పెట్టిన ఎలుకలలో, బరువు పెరగడానికి ముందే, మూడు రోజులలోపే ఇక్కడ వాపు లక్షణాలు కనబడినట్లు 2012లో ప్రకటించారు. పామాయిల్, నెయ్యి వంటివాటిలో ఉండే పామిటిక్ ఆమ్లం వంటి సంతృప్త కొవ్వులు మైక్రోగ్లియాను రెచ్చగొట్టగలవు.

అయితే అదే మేత తిన్న ఆడ చిట్టెలుకలు మగవాటంత లావెక్కవు. నాడీకణాలు ఫ్రాక్టల్‌కైన్ అనే ప్రోటీను ద్వారా మైక్రోగ్లియాను శాంతంగా ఉంచుతాయి. ఈ ప్రోటీనును అందుకొనే గ్రాహకం కొవ్వు మేత వలన మగవాటిలో తగ్గిపోగా, ఆడవాటిలో నిలిచి ఉంటుందని 2017లో అమెరికా పరిశోధకులు చూపారు. ఆ గ్రాహకాన్ని తొలగించినపుడు ఆడవి కూడా మగవాటిలాగే లావెక్కాయి. మగవాటి హైపోథాలమస్‌లో ఫ్రాక్టల్‌కైన్‌ను పెంచినపుడు వాటి బరువు పెరుగుదల తగ్గింది.

ఇటువంటి ప్రయోగాలలో వాడే మేతలో తరచుగా 60 శాతం వరకు కేలరీలు కొవ్వు నుండే వస్తాయి. మామూలు ఇంటి భోజనం ఇలా ఉండదు. కనుక ఈ ఫలితాలను స్త్రీపురుషులకు నేరుగా అన్వయించలేము. అన్ని కొవ్వులూ ఒకే విధంగా పనిచేయవు కూడా. చేపలలో లభించే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు ప్రయోగశాలలో పెంచిన మైక్రోగ్లియాలో వాపు రసాయనాలను తగ్గించాయి.