నడకకి తోడు విటమిన్ బిళ్ళలా?

తెల్లవారేసరికి జగ్గయ్యపేట, నందిగామల్లో ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి నడకకి బయల్దేరటం ఇప్పుడు మామూలే. షుగర్ వచ్చినవాళ్ళు కొందరు, రాకూడదని నడిచేవాళ్ళు కొందరు. దీనికితోడు ‘యాంటీ ఆక్సిడెంట్’ బిళ్ళల అలవాటొకటి మొదలైంది. నందిగామలో ఉండే మా ఆడపడుచు నెలకి ఏడెనిమిది వందలు వీటికే పోస్తోంది. “నడకతో సగం, బిళ్ళతో సగం షుగర్ దిగుతుంది వదినా” అంటుంది. ఇది నిజమేనా?

తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. కండరాల తలుపు తీసి దాన్ని లోపలికి పంపే తాళంచెవి ఇన్సులిన్. తలుపు బిగుసుకుపోతే చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. పొయ్యిలోంచి నిప్పురవ్వలు లేచినట్లు, ఒంట్లో ఆహారం ఖర్చయ్యేటప్పుడు ‘ఫ్రీ రాడికల్స్’ పుడతాయి. అతిగా తిని కూర్చుంటే ఈ రవ్వలు ఎక్కువై ఇన్సులిన్ పని చెడగొడతాయి. వాటిని ఆర్పేవే యాంటీ ఆక్సిడెంట్లు. అలాగైతే ఎన్ని మింగితే అంత మంచిదేగా అనిపిస్తుంది!

చిక్కంతా ఇక్కడే ఉంది. నడిచేటప్పుడు లేచే కొద్దిపాటి రవ్వలు మనకి శత్రువులు కావు. పని పెరిగిందని కండరాలకి కబురు చెప్పేవి అవే. ఆ కబురందితేనే కండరం ఇన్సులిన్ మాట బాగా వింటుంది, ఒంట్లో సొంత యాంటీ ఆక్సిడెంట్లు పెరుగుతాయి. పెద్ద మోతాదు బిళ్ళలు ఆ కబురునే ఆర్పేయవచ్చన్నమాట.

జర్మనీలో 40 మంది దాకా యువకులచేత 4 వారాలు వ్యాయామం చేయించి, 2009లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల సి విటమిన్, 400 యూనిట్ల ఇ విటమిన్ ఇచ్చారు. బిళ్ళలు వేసుకోనివాళ్ళలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. వేసుకున్నవాళ్ళకి ఆ లాభం దక్కలేదు! తర్వాతి పరిశోధనలన్నీ ఇదే మాట చెప్పలేదు గానీ, బిళ్ళలతో షుగర్ ఆగుతుందనీ తేలలేదు. గుండెజబ్బు భయమున్న 6 వేలమందికి పైగా అమెరికా స్త్రీలకి సి, ఇ, బీటా కెరోటిన్ ఏళ్ళ తరబడి ఇచ్చి చూసినా షుగర్ రావటం తగ్గలేదని అదే 2009లో వెల్లడైంది.

మరి ఉసిరి, మునగాకు, కరివేపాకు మానేయాలా? అక్కర్లేదు. వంటలో ఇవి మితంగానే అందుతాయి. పైగా ఆకుల్లో, కూరల్లో ఉండే పీచు చక్కెరని రక్తంలోకి నిదానంగా వదులుతుంది. ఆకుకూరలతో కలిపి రోజుకి 400 గ్రాముల కూరగాయలు తినమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది.

ఆకుకూర కడిగాకే తరగండి. నిమ్మరసం కూర దించాకే పిండండి, లేకపోతే వేడికి సి విటమిన్ పోతుంది. ఉసిరి ఊరగాయలో ఉప్పెక్కువ కనుక అప్పటికప్పుడు చేసుకున్న పచ్చడి మేలు.

డాక్టరు రాసిన షుగర్ మందులు మాత్రం మానకండి. లోపముందని ఏదైనా విటమిన్ రాస్తే అదీ వాడాల్సిందే. సొంతంగా కొనే బిళ్ళల డబ్బు మాత్రం కూరల సంచీలోకి మళ్ళించండి. నడక మానకండి!