అంబాసిడర్ ఇంజన్‌తో గాలి మిషను!

కల్మల (రాయచూరు జిల్లా): సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల నుంచి వడ్ల లోడుతో రాయచూరు వచ్చే లారీలకు దారి కల్మల జంక్షన్ మీదుగానే. లోడు బండి టైరుకు వంద పౌండ్ల గాలైనా ఉండాలి. కరెంటు పోయిందంటే పంచరు షాపులో మోటారు మూగబోతుంది. అలాంటప్పుడు తుక్కు కిందికి పోయే కారు ఇంజన్ అక్కరకొస్తుంది.

ఇదేం కొత్త విద్య కాదు. అమెరికాలో గార్డన్ స్మిత్ కంపెనీ ఫోర్డ్ మోడల్-ఎ ఇంజన్‌ను ఇలాగే మలిచింది. నాలుగు సిలిండర్లలో రెండు పెట్రోలుతో తిరుగుతుంటే, మిగతా రెండు గాలిని నొక్కుతాయి.

2014లో తయారీ ఆగిన అంబాసిడర్‌లో పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కూ ఈ పద్ధతి నప్పుతుంది. 1, 4 సిలిండర్లు ఇంజన్‌గా, 2, 3 కంప్రెషర్‌గా పనిచేస్తాయి. ప్లగ్గు తీసేసి ఆ రంధ్రంలో గాలి వెనక్కి రానీయని వాల్వు బిగించి, రాగి పైపుతో టాంకుకు కలపాలి.

ఇంతేగా అనుకుంటే పొరపాటే! ఈ హెడ్‌లో 1, 2 సిలిండర్లకు పెట్రోలు ఆవిరి వచ్చే దారి ఒకటే. 3, 4కూ అంతే. 2, 3 ఇన్‌లెట్ వాల్వులు తెరుచుకుంటే టాంకులోకి చేరేది గాలి కాదు, పెట్రోలు ఆవిరి. అది బాంబే! అందుకే ఆ రెండింటి పుష్‌రాడ్లు తీసేసి ఇన్‌లెట్లు మూసే ఉంచాలి. పొగ పోయే నడిమి దారి ఈ రెండింటిదే కాబట్టి దానికి ఫిల్టరు పెట్టి, ఎగ్జాస్ట్ వాల్వులకు మెత్తటి స్ప్రింగులు వేస్తే గాలి అటునుంచే వస్తుంది.

నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే లెక్క ప్రకారం 745 లీటర్ల గాలి రావాలి. వంద పౌండ్ల దగ్గర అందులో సగం కూడా రాదు. అయినా పంచరు షాపుకు చాలు. పెట్రోలు ఖర్చు మాత్రం వాచిపోతుంది. కరెంటున్నంతసేపూ మోటారే మేలు.

అసలు ప్రాణభయం టాంకుతోనే. పాత డ్రమ్ములు, గ్యాసు సిలిండర్లు అతికించి వాడితే చీలి మనుషుల మీదికొస్తాయి. నీళ్లతో ఒత్తిడి పరీక్ష చేసిన టాంకే ఉండాలి. మధ్యలో ఏ ట్యాపూ లేకుండా దాని మీదే సేఫ్టీ వాల్వు బిగించాలి. నొక్కిన గాలి వేడి 200 డిగ్రీలు దాటొచ్చు. ఇంజన్ ఆయిలు దాంతో కలిసి పైపులో మసిగా పేరుకుంటే అంటుకుంటుంది కూడా. కాబట్టి రాగి పైపును అప్పుడప్పుడూ విప్పి తుడవాలి. సాయంత్రం షాపు కట్టేముందు టాంకు అడుగు ట్యాపు తిప్పితే నీళ్లు, నల్లటి ఆయిలు బయటికొస్తాయి.