ఆంప్లిఫయరు: వెల, వినికిడి

కడప, కర్నూలు పట్టణములలో ఉరుసు రాత్రి ఖవ్వాలీ వినువారికి ఒక సంగతి తెలియును. గాయకుడు తారస్థాయి నందుకొనగానే మాట చిట్లి, స్పీకరు గరగరలాడును. ఆంప్లిఫయరు తన శక్తికి మించి పనిచేయుచు ధ్వనితరంగముల శిఖరములను కోసివేయుటయే దీనికి తరచుగ కారణము. వాట్లు రెట్టింపైనచో చప్పుడును రెట్టింపగునని మనము భ్రమింతుము. పెరుగునది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెట్టింపుగ తోచుటకు సుమారు పదిరెట్ల శక్తి కావలెను.

ఇక లక్షలు వెలగల యంత్రముల మాట. వాల్వుల నాదము మధురమనియు, ట్రాన్సిస్టరుది పొడి ధ్వనియనియు రసికులు వాదింతురు. 1978లో ఇంగ్లండున జేమ్స్ మోయిర్, క్వాడ్ సంస్థవారి వాల్వు, ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లను, ఏది మ్రోగుచున్నదో తెలుపక శ్రోతలకు వినిపించెను. వారు గుర్తింపలేకపోయిరి. అయితే శక్తికి మించి నెట్టినపుడు వాల్వు మెల్లగ వంగును, ట్రాన్సిస్టరు ఠక్కున కోయును; ఆ భేదము నిజమే.

కనుక కళాశాల సభామందిరమునకు పరికరములు కొను పెద్దలకు మా మనవి: పేరుకు వెల పెట్టక, అవసరమునకు మించిన శక్తి కలదో లేదో చూడుడు; మిగిలిన ధనము మైకులకును, స్పీకర్లకును వెచ్చింపుడు. కడప బండలు పరచిన హాలులోని ప్రతిధ్వనిని ఏ ఆంప్లిఫయరును అణచజాలదు. అందుకు దళసరి తెరలు కావలెను.