గిలకలదిండి: వేట, ఒడ్డు, చదువు

మచిలీపట్నం శివారు గిలకలదిండిలో మరబోటు సముద్రంలోకి పోవాలంటే పోటు కోసం చూడాలి. నీరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేస్తే బోటు అడుగు తగులుతుంది. కాబట్టి ఇక్కడ పూడిక తీయడమూ ఉపాధిని కాపాడే పనే. చేపలు అమ్మిన డబ్బులో డీజిలు, ఐసు ఖర్చులు పోగా మిగిలినదే యజమానికి, బోటు నడిపే సరంగుకు, కళాసీలకు వాటా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే 61 రోజులు, తూర్పు తీరంలో బోట్ల వేట నిషేధం. ప్రభుత్వ భృతి అందినా అప్పు తప్పని ఇళ్లుంటాయి.

ఒడ్డు మీద పని ఎక్కువగా ఆడవాళ్లది. చేప చీల్చి, కడిగి, ఉప్పు పట్టించి ఎండేస్తారు. నేల మీద ఆరేస్తే ఇసుక అంటి ధర పడిపోతుంది. ఎత్తుగా కట్టిన పందిరి మీద, వల పరిచి ఆరేస్తే సరుకు శుభ్రంగా ఉంటుంది. పెద్ద పెట్టుబడేమీ అక్కర్లేని మార్పు ఇది.

ఇలాంటి పని మెళకువలను చదువుకు జోడించడం బందరుకు (మచిలీపట్నానికి) కొత్త కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య పూనికతో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల పాఠాల పక్కన చేతివృత్తులకూ చోటిచ్చింది. రేవు పిల్లలకు ఇప్పుడు పనికొచ్చేవి ఇంజను మరమ్మతు, శీతల నిల్వ, జీపీఎస్ వాడకం. చేపలు దొరకగల తావులపై హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలను చదివి, సరంగుకు చెప్పగల కుర్రాళ్లు ప్రతి బోటుకూ అవసరమే.