చుక్క వేసి పీల్చే పొగ

చోడవరం, అనకాపల్లి ప్రాంతాల్లో బెల్లం వండేవారికి వేరే చెప్పనక్కర్లేదు. పెనంలో రసం తరిగిపోయినా మంట తగ్గించకపోతే పాకం మాడి అడుగంటుతుంది. ఎలక్ట్రానిక్ సిగరెట్టులోనూ జరిగేది ఇదే.

అందులోని అటామైజరులో ఒక చిన్న తీగచుట్ట, దానికి ఆనుకుని దూదివత్తి ఉంటాయి. బ్యాటరీతో తీగ వేడెక్కి, వత్తి పీల్చుకున్న ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. కొందరు కుర్రవాళ్ళు ఎక్కువ ఆవిరి కోసం ద్రవాన్ని చుక్కలుగా నేరుగా తీగమీదే వేసి పీలుస్తారు. దీనినే 'డ్రిప్పింగ్' అంటారు. కొద్ది దమ్ములకే వత్తిలో తడి ఆరిపోతుంది. మళ్ళీ చుక్క వేయడం ఆలస్యమైతే తీగ మరీ వేడెక్కి దూది మాడుతుంది. తీపి కలిపిన ద్రవమైతే నల్లటి మడ్డి పేరుకుంటుంది. తీగచుట్ట త్వరగా పాడవుతుంది.

తీగ పోతే ఇంకొకటి వేసుకోవచ్చు. మరి ఊపిరితిత్తుల మాట? అతిగా వేడెక్కిన ద్రవంలోంచి ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. అది కాన్సరు కలిగించే పదార్థం. నికోటిన్ వ్యసనం సరేసరి!

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిట్లో కాన్సరు రావడం వైద్యులు ఏనాడో గుర్తించారు. అక్కడా పొగాకూ, వేడీ కలిసే చెరుపు చేశాయి.

మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకాలను 2019లో నిషేధించారు. అయినా దొంగచాటుగా దొరుకుతున్నాయి. మీ అబ్బాయి దగ్గర అలాంటిది కనిపిస్తే కొట్టకండి, తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని నచ్చజెప్పండి. మానడానికి సాయం కావాలంటే 1800 112 356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆ ద్రవపు సీసాను మాత్రం పసిపిల్లలకు అందనివ్వకండి. నికోటిన్ ఉన్న ద్రవం మింగితే ప్రాణాపాయం.